పెరటి ముచ్చటలు: హస్తవాసి



సంక్రాంతి పాదులకు పందిళ్లు వేయు విధమును ఈ మాసమున వ్రాసెదనని గత సంచికలో మాట యిచ్చియుంటిని. ఆ మాట తప్పుచున్నందులకు మన్నింపగోరెదను. పందిళ్లు వచ్చు నెలవరకు ఆగగలవు. ఒక చెల్లెలు వ్రాసిన జాబు మాత్రము ఆగునట్టిది కాదు.

ఆమె పేరును ఊరును వెల్లడింపను. వివాహమై మూడేండ్లు కావచ్చినది. మన శీర్షికను చదివి ఉత్సాహపడి, అత్తవారింటి పెరటిలో ఈ యేడు తొలిసారిగా మొక్కలు వేసినది. కొత్తిమీర చల్లగా మొలవలేదు. వంగనారు నాటగా వారము తిరుగకుండ వాడి కూలినది. సొరపాదు ఏపుగా ప్రాకినది గాని, పూచిన పూవు పూచినట్లే రాలిపోయినది. పేరంటమునకు వచ్చిన పొరుగింటామె యొకతె అది చూచి, "మీ కోడలి హస్తవాసి మంచిది కాదేమో" అన్నదట. అత్తగారు మొదట నవ్వి ఊరకున్నారు. పిమ్మట ఆ మాటనే తామును అనసాగిరి. ఇప్పుడు తులసికోటకు నీరు పోయుటకు కూడ ఆమెను పోనిచ్చుట లేదట. ఇంకను సంతానము కలుగలేదు గనుక ఆ మాటకు మరియొక అర్థమును పుట్టినది. మొన్న ఆడబిడ్డ సీమంతమునాడు ఆమె గాజులు తొడుగబోగా, ఎవరో మెల్లగా పళ్లెమును అందుకొని, "నీకెందుకమ్మా శ్రమ, కూర్చుండుము" అనిరట.

"అక్కగారూ, కొందరి చేతులలో నిజముగా అట్టి దోషము ఉండునా? ఉన్నచో నేను మొక్కలను ముట్టుట మానివేసెదను" అని ఆమె వ్రాసినది.

చెల్లెలా, ఉండదు. మానవద్దు. నీ జాబును నేను మూడుమారులు చదివితిని. ఏ దినమున ఏమి చేసితివో అంతయు దాపరికము లేక వ్రాసితివి. ఆ వ్రాతలోనే ఆ మూడింటి చేటునకును కారణములు కనబడుచున్నవి. ఒక్కొక్కటిగా విప్పి చెప్పెదను. తక్కిన సోదరీమణులును వినుడు. తొలి యేడు ఈ తప్పులలో ఒకటియైనను చేయనివారు మనలో అరుదు.

మొదట కొత్తిమీర. నీవు రోహిణికార్తెలో వంటింటి డబ్బాలోని ధనియాలు తీసి, ఉన్నవి ఉన్నట్లే చల్లితివి. ఆరవ దినమున మన్ను త్రవ్వి చూచి, మొలక లేదని దుఃఖపడితివి. ధనియము చూపునకు ఒక గింజవలె నున్నను నిజమునకు అది ఒక చిన్న కాయ. దానిలో రెండు విత్తనములు ఉండును. అప్పడాల కర్రతో మెల్లగా నొత్తి, రెండు బద్దలుగా విడదీసి, ఒక రాత్రి నీటిలో నానబెట్టి, మరునాడు నీడను ఆరనిచ్చి చల్లవలెను. పైన అర అంగుళమునకు మించి మన్ను కప్పరాదు. అట్లు చేసినను మొలకెత్తుటకు 8 మొదలు 15 దినములు పట్టును. ఆరవనాడు త్రవ్వి చూచుట యనగా, నిద్రపోవుచున్న బిడ్డను లేపి నిద్రపట్టినదా యని అడుగుట వంటిది. అదిగాక కొత్తిమీర చల్లదనమును కోరు పైరు. మన కోస్తా జిల్లాలలో అక్టోబరు మొదలు జనవరి వరకు దానికి అనుకూలమైన కాలము. రోహిణికార్తె యెండలో అది మొలచుటయే కష్టము. మొలచినను ఆకు సరిగా పెట్టకయే పూతకు వచ్చును. డబ్బాలో నిలువయున్న ధనియాలు పాతవైనచో వానికి మొలకశక్తియు తగ్గియుండును. ఆ నెలలో, ఆ ధనియాలను, ఎవరు చల్లినను ఫలితము అంతే.

రెండవది వంగనారు. నీవు పాలవారి యింటినుండి ఆనాటి పచ్చిపేడ తెచ్చి, గోతులలో వేసి, దానిపై నారు నాటితివి. మొక్కకు బలమని తలచితివి. పచ్చిపేడ మన్నులో కుళ్లునపుడు వేడి పుట్టును. అమ్మోనియా అను ఘాటైన వాయువు వెలువడును. లేతవేళ్లు ఆ రెంటికిని తాళలేవు. పేడ కొన్ని నెలలు చివికి, నల్లబడి, పొడిపొడియై, పేడవాసన పోయి, మంచి మన్నువలె నైనపుడే దానిని ఎరువు అనవలెను.

అంతటితో పోలేదు. మిట్టమధ్యాహ్నము నాటితివి. వాడుచున్నదని చూచి దినమునకు మూడుమారులు బిందెతో నీరు పోసితివి. మీది నల్లరేగడి నేల. అది నీటిని పట్టినచో త్వరగా విడువదు. వేళ్లకు నీరెంత యవసరమో గాలియు నంతే యవసరము. నీరు నిలిచిన మన్నులో గాలి యాడదు. వేళ్లు ఊపిరాడక కుళ్లును. వేరు కుళ్లిన మొక్కయు, దాహము గొన్న మొక్కయు ఒక్కతీరుననే తల వ్రేలవేయును. ఇందుచేతనే మనము మోసపోవుదుము. కావున మొక్క వాడినదని చూచినంతనే చెంబు ఎత్తరాదు. వ్రేలిని రెండు కణుపుల లోతున మన్నులోనికి గ్రుచ్చి చూడుము. తడి తగిలినచో ఆనాటికి నీరు అక్కరలేదు. ఇక ముందు 30 మొదలు 35 దినముల వయసుగల వంగనారును తెచ్చి, సాయంకాలమున, మొక్కకును మొక్కకును రెండడుగుల ఎడముగా నాటి, రెండుమూడు దినములు కొబ్బరిమట్టతో నీడ చేయుము.

మూడవది సొరపాదు. దానిని గూర్చి చదివినపుడు నాకు నవ్వును దుఃఖమును ఒక్కసారిగనే కలిగినవి. ఏలయన ఆ పాదునకు ఏ జబ్బును లేదు. సొర, బీర, కాకర, గుమ్మడి మొదలగు పాదులలో మగపూలు వేరు, ఆడపూలు వేరు. రెండును ఒకే తీగపై పూయును. సాధారణముగా మొదట పూచునవి మగపూలు. వానికి సన్నని పొడుగు కాడ మాత్రమే యుండును. పుప్పొడి నిచ్చి రాలిపోవుటయే వాని ధర్మము. ఆడపూవునకు క్రిందుగా, పూవు విచ్చుటకు ముందే, నూగుతో గూడిన చిన్న పిందె కనబడుచుండును. "సన్నని పొడుగు కాడలతో సహా తెల్లని పూవులన్నియు రాలిపోయినవి" అని నీవే వ్రాసితివి. అవి మగపూలు. మరికొన్ని దినములు ఓర్చియున్నచో ఆడపూలును వచ్చియుండెడివి. అంతలోనే శకునము మంచిది కాదని పాదును పెరికివేయించిరి.

ఆడపూలు వచ్చిన పిమ్మటను పిందెలు పసుపువారి రాలుచున్నచో, పుప్పొడి అందలేదని తెలియవలెను. సొరయు బీరయు సాయంకాలమున విచ్చును. కాకరయు గుమ్మడియు ఉదయమున విచ్చును. ఆ వేళకు వెళ్లి, అప్పుడే విచ్చిన మగపూవును కోసి, రేకులు తుంచి, నడుమనున్న పుప్పొడిని ఆడపూవు నడిమి భాగమునకు మెల్లగా అద్దవలెను. ఒక మగపూవు రెండుమూడు ఆడపూలకు చాలును. తుమ్మెదలును రెక్కపురుగులును అరుదైన పట్టణములలో, మేడలపై పాదులు పెంచువారు దీనిని తప్పక నేర్చుకొనవలెను.

ఇంక నా సంగతి చెప్పెదను. నేను కాపురమునకు వచ్చిన తొలి వర్షాకాలమున మా అత్తగారు నాకు కొంత తోటకూర విత్తనము ఇచ్చి, తాము కొంత తీసికొనిరి. పొట్లము ఒకటే, మడులు ప్రక్కప్రక్కనే. నాలుగవనాటికి ఆమె మడి పచ్చబడినది. నాది నున్నగా బోసిగా నున్నది. ఇంట ఎవరును ఏమియు అనకపోయినను, నాకు అన్నము సహింపలేదు. వారము దినములకు అత్తగారు నన్ను కేకవేసి, మడి చివర నీరు పారి నిలుచు మూలను చూపిరి. అచ్చట జానెడు మేర, వెండ్రుక దూరనంత దట్టముగా, తోటకూర మొలచియున్నది. ఆమె నవ్వి, "మొలవకేమి, అమ్మాయీ! నీవు బిందెడు నీళ్లతో తరిమితివి, అవి పారిపోయి అక్కడ బ్రతికినవి" అనిరి.

నా చేతిని గూర్చి ఆమె ఒక్క మాటయు అనలేదు. నీటిని గూర్చి చెప్పిరి. ఆ దినమున ఆమె వేరొక మాట అనియున్నచో, నేను మరల మన్ను ముట్టియుందునని తోచదు.

ఊరిలో అందరును మా అత్తగారి హస్తవాసి మంచిదందురు. నాటినుండి నేను ఆ హస్తవాసిని కనిపెట్టి చూచుటకు పూనుకొంటిని. మా వారు బడినుండి తెచ్చిన పాత లెక్కల పుస్తకము వెనుక పుటలలో, ఆమె చేయునవి యొక్కొక్కటే వ్రాసికొంటిని. విత్తును పొడియిసుకతో కలిపి చల్లెడివారు. అందుచే విత్తు ఒకచోట కుప్పగా పడదు. పైన మన్ను పలుచగా జల్లి, అరచేతితో మెల్లగా తట్టెడివారు. నీరు పోయక, వ్రేళ్ల సందులనుండి చిలుకరించెడివారు. చీమలు విత్తును మోసికొని పోకుండ మడి చుట్టును పసుపు గీత గీచెడివారు. తెల్లవారి ముఖము కడుగుకొనుటకు వెళ్లుచు ఒకమారు, దీపము పెట్టక ముందు ఒకమారు మడివద్ద నిలిచి చూచెడివారు. వ్రాసి చూడగా పుట నిండినది. ఆ పుటలో నాకు రానిది, నేర్వరానిది ఒక్కటియు లేదు. హస్తవాసి యని ఊరివారు పేరుపెట్టినది ఆమె నలువదేండ్ల అభ్యాసమునకు. మా అత్తగారే దానిని నాకు నేర్పిరి.

కావున, చెల్లెలా, మీ అత్తగారివద్దనే నేర్చుకొనుము. "నా చేయి మంచిదని చూపెదను" అని పందెము వేయకుము. "అత్తయ్యా, ఈమారు మీరు ఒక కుండీలో చల్లుడు, నేను ఒకదానిలో చల్లెదను. మీరు చేసినట్లే నేనును చేసెదను, తప్పినచోట చెప్పుడు" అని అడుగుము. మన్ను ఒకటే, విత్తు ఒకటే, ఎండ ఒకటే, నీరు ఒక్క చెంబుతోనే కావలెను. ఐదారు దినములలో రెండు కుండీలును సాక్ష్యము చెప్పును. పెద్దలు మన మాటను వినకపోయినను, తమ కంటితో చూచిన మొలకను కాదనరు.

మొదలుపెట్టువారు ఎంతతో మొదలుపెట్టవలెను? మా తండ్రిగారు నాకు శాకుంతలము చెప్పినపుడు, కణ్వాశ్రమమున చెట్లకు నీరు పోయు కన్యలు తమ శరీరమునకు తగిన కుండలనే ఎత్తుకొనిరని కవి చెప్పిన చోట ఆగి, "ఇది మరువకు" అనిరి. అప్పుడు నాకు అది వర్ణనగా మాత్రమే తోచినది. ఇప్పుడు ప్రతి యేడును జ్ఞప్తికి వచ్చుచున్నది. తొలి యేడే పది రకములు వేసినవారు మూడవ నెలకు విసిగి విడుతురు. మూడు కుండీలు చాలును.

కుండీ అడుగున నీరు పోవుటకు రంధ్రములు తప్పక ఉండవలెను. పగిలిన బకెట్టైనను పనికివచ్చును. ఆకుకూరలకు ఎనిమిదంగుళముల లోతు చాలును. రెండుపాళ్లు తోటమన్ను, ఒకపాలు చివికిన ఎరువు, ఒకపాలు ఏటియిసుక కలుపవలెను. నల్లరేగడియైనచో ఇసుక మరియొక పాలు చేర్పవలెను. ఉప్పుగల సముద్రపు ఇసుక కూడదు. ఆకుకూరలకు దినమునకు మూడు నాలుగు గంటల యెండ చాలును. వంగ, బెండ, పాదులు మొదలగు వానికి ఆరు గంటలైన ఉండవలెను. కాబట్టి మొదట ఒక సెలవు దినమున ఎండ ఎచ్చట ఎంతసేపు నిలుచునో చూచుకొని, ఆ పిమ్మటనే కుండీల చోటు నిర్ణయింపుడు.

మొదటి కుండీలో తోటకూర వేయుడు. ఇసుకతో కలిపి పలుచగా చల్లినచో 25 మొదలు 30 దినములకు కోతకు వచ్చును. వేళ్లతో పెరుకక, రెండు మూడంగుళములు విడిచి కోసినచో మరల చిగిర్చును. రెండవదానిలో మెంతులు. రాత్రి నానబెట్టి, ఉదయమున అర అంగుళము లోతుగా చల్లినచో నాలుగైదు దినములకు మొలచి, నెలకు కూరకు వచ్చును. ఇప్పుడు వచ్చు చలికాలము దానికి మిక్కిలి అనుకూలము. మూడవదానిలో పుదీనా. అంగడినుండి తెచ్చిన కట్టలో గట్టి కాడలను నాలుగింటిని ఏరి, క్రింది ఆకులు తుంచి, గ్లాసెడు నీటిలో కిటికీవద్ద నుంచుడు. వారము పది దినములకు వేళ్లు పుట్టును, అప్పుడు నాటవలెను. పుదీనా వేళ్లు ప్రాకి తక్కిన మొక్కలను అణచివేయును గనుక దానికి వేరు కుండీయే యుండవలెను. ఈ మూడును చేతికి వచ్చిన పిమ్మట గోంగూర, బచ్చలి. ఆ పిమ్మట బెండ. అటు తరువాతనే వంగయు పాదులును.

బియ్యము కడిగిన నీరును, కూరలు కడిగిన నీరును కుండీలకు పోయవచ్చును. ఉప్పు కలిసిన నీరును, సబ్బునీరును మొదట పోయరాదు. ఆకుల అడుగున పేనుబంక కనబడినచో మొదట నీటిని వేగముగా చిమ్మి కడిగివేయుడు. అది చాలనిచో వేపగింజల పప్పును దంచి, 50 గ్రాముల పొడిని లీటరు నీటిలో రాత్రియంతయు నానబెట్టి, వడగట్టి, కొంచెము సబ్బు కరగించి సాయంకాలమున చల్లుడు. చల్లిన ఆకును నాలుగైదు దినములు ఆగి, బాగుగా కడిగి వండవలెను. విషపు మందుల జోలికి పోకుడు. మనము కోసినది అదే పూట మన బిడ్డల కంచములోనికి వచ్చును.

మూడు కుండీల కూర యింటిల్లిపాదికి ఏ మూలకని కొందరందురు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఆకుకూరలలో ఇనుము కలదు. కూర దించిన పిమ్మట నిమ్మరసము పిండుకొన్నచో ఆ యినుము మన శరీరమునకు మేలుగా పట్టును. వైద్యు లిచ్చు మాత్రలకు ఇది బదులు కాదు, తోడు మాత్రమే. ఇంటిలో అందరికిని వడ్డించి, అడుగున మిగిలిన పులుసుతో సరిపెట్టుకొను ఇల్లాలికి, తన కుండీనుండి కోసిన గుప్పెడు ఆకు తక్కువది కాదు.

చెల్లెలా, ఇంకొక మాట. నీ సంతానమునకును సొరపూలకును ఏ సంబంధమును లేదు. ఆ సంగతిని దంపతు లిద్దరును కలిసి వెళ్లి వైద్యురాలితో మాటలాడుడు. ఇద్దరును పరీక్ష చేయించుకొనవలెను. కారణము స్త్రీయందే యుండవలెనను నియమము లేదు. ఈ పేరాను నీ భర్తగారికి చూపుము.

ఈ పత్రికను చదువు అత్తగార్లకు నమస్కరించి ఒక విన్నపము చేయుచున్నాను. కోడలు నాటిన మొక్క చచ్చినపుడు "ఏమి చేసితివి, అమ్మాయీ?" అని అడుగుడు. ఆమె చెప్పును, తప్పు ఎచ్చటనో మీకు వెంటనే తెలియును. చేతిని నిందించినచో అడుగుటకును చెప్పుటకును ఏమియు మిగులదు. మీరు కష్టపడి నేర్చిన విద్య ఆ గడపయొద్దనే ఆగిపోవును.

చెల్లెలా, విజయదశమి వెళ్లినది, వానలు వెనుకపట్టినవి, కొత్తిమీరకు తగిన దినములు వచ్చినవి. కొత్త ధనియాలు తెప్పించుకొనుము. బద్దలు చేసి, నానబెట్టి, చల్లుము. పదునైదు దినముల వరకు త్రవ్వవద్దు. మొలచిన దినమున నాకు ఒక కార్డు వ్రాయుము. ఎన్నవనాటికి మొలచెనో, మీ అత్తగారి కుండీ ఎన్నవనాటికి మొలచెనో రెండును వ్రాయుము.

పందిళ్ల సంగతి వచ్చు నెల తప్పక.